ఇంగ్లండ్ పల్లె చర్చి: ఏ గోడ ముందు, ఏ గోడ తర్వాత? ఎలా తేల్చాలి?

నేలపటం:

ఇంగ్లండ్‌లోని ఒక మధ్యయుగపు పల్లె చర్చి కొలతల ప్లాను, ఫొటోలు ముందు పెట్టుకుని, ఏ భాగం ఎప్పుడు కట్టారో వరుస రాయాలి. ఆ ఊరి విచారణకంతటికీ, అంటే ఒక పాదిరి కింద ఉండే ప్రాంతానికంతటికీ, అదొక్కటే చర్చి. అక్కడి కరపత్రం "12వ శతాబ్దపు నార్మన్ చర్చి" అని ఒక్క మాటలో తేల్చేసింది. చూస్తే అంత సూటిగా లేదు.

దక్షిణ ద్వారానికి గుండ్రటి కమాను, దాని మీద వంకర టింకర గీతల చెక్కడం. జనం నిలబడే నేవ్‌కి ఉత్తరాన లావాటి గుండ్రటి స్తంభాలతో మూడు కమానులు, దక్షిణాన ఎనిమిది పలకల స్తంభాలతో మొనదేలిన మూడు కమానులు. రెండు వైపులా పక్క నడవలు. బలిపీఠం ఉండే ఛాన్సెల్ తూర్పు గోడలో సన్నటి పొడవాటి కిటికీలు మూడు. పడమట గంట గోపురం. నేవ్ గోడల పైభాగాన, పక్క నడవల కప్పుకి ఎగువన, ఇంకో కిటికీల వరుస. ఉత్తర ద్వారాన్ని రాళ్లతో మూసేశారు. ఛాన్సెల్ నడిమి గీత నేవ్ గీతతో కలవకుండా కొద్దిగా ఉత్తరానికి వంగింది.

కిటికీల శైలిని బట్టి తేదీలు వేసుకుంటూ పోతే సరిపోతుందా?

చెక్కురాయి:

నేలపటం గారూ, కిటికీలను చివరికి ఉంచండి. చర్చిలో అన్నిటికన్నా తేలిగ్గా మారేది కిటికీయే. 1100లో కట్టిన గోడని 1330లో వెలుతురు కోసం పగలగొట్టి పెద్ద కిటికీ పెడతారు, దాని రాయి పొడిరాలితే 1860లలో అదే నమూనాలో కొత్తది చెక్కి పెడతారు. గోడ మాత్రం పాతదే. ముందు గోడలు, తర్వాత గోడలు కలిసే అతుకులు, ఆ తర్వాతే నగిషీ. ఈ వరుస తప్పితే లెక్కంతా తప్పుతుంది.

మొదట ప్రతి గోడ మందం కొలవండి. తలుపుల దగ్గర, కిటికీల దగ్గర, కమానుల కింద కొలత దొరుకుతుంది. 1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్లకు ముందటి ఆంగ్లో-సాక్సన్ గోడలు ఎత్తుగా, పలచగా ఉంటాయి, సుమారు 75 సెంటీమీటర్లు. నార్మన్ గోడలు 90 సెంటీమీటర్లు, ఇంకా పైన. లోపలా బయటా రాతి ముఖాలు కట్టి, మధ్యలో రాళ్ల ముక్కలూ సున్నమూ కూరుతారు. మీ ఉత్తర కమానుల కింద 75 వచ్చిందనుకోండి, ఆ గోడ కమానులకన్నా పాతదేమోనని అనుమానించాలి. సాక్సన్ పనికి ఇంకో గుర్తు మూల రాళ్లు. ఒక రాయి నిలువుగా, దాని మీద ఒకటి అడ్డంగా, మళ్లీ నిలువుగా పోతాయి. నార్తాంప్టన్‌షైర్‌లోని ఎర్ల్స్ బార్టన్ గోపురం మీద ఈ పద్ధతి చూస్తే ఇక మరచిపోరు.

రెండోది నిలువు అతుకు. రెండు గోడల రాళ్లు వేళ్లలా ఒకదాంట్లో ఒకటి దూరకుండా, పై నుంచి కిందికి ఒకే గీతలా విడిగా కనిపిస్తే ఆ రెండూ ఒకేసారి కట్టినవి కావు. గోపురం నేవ్ పడమటి గోడని తాకే చోట, పక్క నడవ చివరలు గోపురాన్ని తాకే చోట ముందుగా చూడండి. నేల దగ్గర గోడ అడుగున పొడుచుకొచ్చే రాతి వరస ఒక చోట ఉండి పక్కనే ఆగిపోయినా అదీ అతుకే. ఈ ఫొటోలు పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ, ఎండ గోడ మీద ఏటవాలుగా పడేటప్పుడు తీసినవి కావాలి. మిట్టమధ్యాహ్నపు ఫొటోలో అతుకు కనిపించదు.

మూడోది రాతి మీద పనిముట్టు గుర్తులు. 12వ శతాబ్దపు రాయిని గొడ్డలితో చదును చేసేవారు, వెడల్పైన ఏటవాలు గీతలు పడతాయి. 13వ శతాబ్దం నుంచి ఉలి గీతలు సన్నగా, ఎక్కువగా నిలువుగా ఉంటాయి. కాంటర్‌బరీ కెథెడ్రల్ తూర్పు భాగం 1174లో కాలిపోయి తిరిగి కడుతున్నప్పుడు అక్కడి సన్యాసి గెర్వేజ్ ఈ తేడానే రాసిపెట్టాడు: పాత పని గొడ్డలిది, కొత్తది ఉలిది అని. అచ్చుపోసినట్టు సమానంగా, మైళ్ల దూరం ఒకేలా ఉన్న గీతలు మాత్రం 19వ శతాబ్దపు విక్టోరియా రాణి కాలపువి.

శైలుల పేర్లు వాస్తుశిల్పి థామస్ రిక్‌మన్ 1817లో స్థిరపరచినవే ఇప్పటికీ వాడుతున్నాం. నార్మన్ సుమారు 1190 దాకా, ఎర్లీ ఇంగ్లిష్ 13వ శతాబ్దంలో ఎక్కువ భాగం, డెకొరేటెడ్ సుమారు 1350 దాకా, పెర్పెండిక్యులర్ 1540 దాకా. ఇవి అంచులు కలిసిపోయే తేదీలు. మారుమూల ఊరి మేస్త్రీ నగరంలో పాతబడిన శైలిని ఇంకో 20, 30 ఏళ్లు వాడుతూనే ఉంటాడు.

సీసపుకప్పు:

చెక్కురాయి గారి వరుస సరైనదే. మందం ఒక్కటే చూసి సాక్సన్ అని రాసేయకూడదని మాత్రం గట్టిగా చెప్పాలి. లోపల గచ్చు ఊడగొట్టిన గోడ 5, 6 సెంటీమీటర్లు తగ్గుతుంది, ఇరువైపులా సిమెంటు పూసింది పెరుగుతుంది. రాతి ముఖం నుంచి రాతి ముఖానికి కొలిస్తేనే లెక్క.

మీ చర్చిలో అసలు కథ ఆ కమానుల వరుసల్లో ఉంది. పక్క నడవలు లేని చిన్న చర్చిని పెద్దది చేయాలంటే పూజలు ఆపకుండా చేయాలి. అందుకని ముందు బయట పక్క నడవ గోడ లేపి, పాత గోడకి ఆనించి వాలు కప్పు వేస్తారు. తర్వాత స్తంభాలు రావాల్సిన చోట మాత్రమే పాత గోడని సన్నగా నిలువుగా తొలిచి స్తంభం నిలబెడతారు. పైగోడకి కొయ్య దూలాలు ఊతమిచ్చి కమాను రాళ్లు ఒక్కొక్కటీ దూరుస్తారు. సున్నం గట్టిపడ్డాక కమాను కింద మిగిలిన గోడని పగలగొట్టి తీసేస్తారు. అంటే కమానుల మీది గోడ కమానులకన్నా ముందుది. నేల మీద నిలబడి చూస్తే తలకిందుల లెక్క ఇది, కొత్తవారు పొరపడేది ఇక్కడే. పైగోడలో కమాను కోసేసిన పాత చిన్న కిటికీ అంచు మిగిలి ఉంటే వాదన అక్కడితో ముగుస్తుంది. వరుస రెండు చివర్లా కమాను లేకుండా మొద్దు గోడ మీటరో, అంతకన్నా ఎక్కువో మిగిలి ఉన్నా అదే సూచన.

ఉత్తర నడవ ముందు రావడం చాలాచోట్ల కనిపిస్తుంది. దక్షిణాన ప్రధాన ద్వారం, దారి, సమాధులు ఉండటమే కారణమని అంటారు. మీ గుండ్రటి స్తంభాల తలకట్టు గవ్వ అంచులా గుండ్రటి గీతలతో ఉంటే 12వ శతాబ్దం. దక్షిణాన ఉన్న ఎనిమిది పలకల స్తంభం 13 నుంచి 15వ శతాబ్దం దాకా ఎప్పుడైనా రావచ్చు, దాన్ని నమ్మవద్దు, పాదం చూడండి. పాదం చుట్టూ నీళ్లు పోస్తే నిలిచేంత లోతైన గాడి ఉంటే సుమారు 1190 నుంచి 1260 మధ్యది.

ఎగువ కిటికీల వరుస దాదాపు ఖాయంగా చివరిది. పక్క నడవలు వెడల్పయ్యేకొద్దీ నేవ్ నడుమ చీకటి అవుతుంది, కాబట్టి గోడలు పైకి లేపి కిటికీలు పెడతారు. గోపురం తూర్పు ముఖం మీద, ఇప్పటి కప్పుకి పైన, తలకిందుల "వి" ఆకారంలో గీత గానీ పొడుచుకొచ్చిన రాళ్లు గానీ ఉన్నాయేమో చూడండి. అది పాత కప్పు ఆనవాలు. గడ్డి కప్పుకి, చెక్క పెంకులకి నిటారు వాలు కావాలి, నీరు తొందరగా జారాలి. సీసపు రేకు ఎండకి సాగి, నిటారు వాలు మీద సొంత బరువుకే కిందికి జారుతుంది. అందుకే 15వ శతాబ్దంలో సీసం వేసిన చోటల్లా వాలు చదునైంది. ఆ గీత మీ గోపురం మీద ఉంటే, పాత నిటారు కప్పు నిలిచి ఉండగానే గోపురం కట్టారని, ఎగువ కిటికీలు ఆ తర్వాత వచ్చాయని రుజువు.

నేలపటం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మళ్లీ చూస్తే గోపురం మీద నిటారు గీత స్పష్టంగా ఉంది. ఇంకో రెండు సంగతులు. దక్షిణ ద్వారం కమాను మీది వంకీలు రాయికీ రాయికీ సరిగ్గా కలవడం లేదు, నడినెత్తిన అతుకు రెండు వేళ్ల వెడల్పుంది. ద్వారం పక్కనే, దాని ముందు కట్టిన మండపం లోపల, నీడ పడే చోట, చిన్న సూర్య గడియారం గీసి ఉంది, నడుమ పుల్లకి రంధ్రంతో సహా. ఎండ తగలని చోట గడియారం ఎందుకు?

చెక్కురాయి:

రెండూ మంచి సాక్ష్యాలు. ఆ ద్వారం ఇప్పుడున్న చోట పుట్టలేదు. నేవ్ దక్షిణ గోడలో ఉన్న నార్మన్ ద్వారాన్ని, పక్క నడవ వచ్చినప్పుడు రాయి రాయి విప్పి బయటి గోడలో తిరిగి పేర్చారు. చెక్కిన ద్వారం ఖరీదైన వస్తువు, ఎవరూ పారేయరు. తిరిగి పేర్చేటప్పుడు ఒకటి రెండు రాళ్లు విరుగుతాయి, వరుస మారుతుంది, అర్ధవృత్తం కాస్త అణుగుతుంది, ఖాళీల్లో సున్నం నింపుతారు. మీ కరపత్రం పొరపాటు ఇక్కడే మొదలైంది: ద్వారం 12వ శతాబ్దానిదే, అది నిలబడిన గోడ కాదు.

గడియారం గీసిన రాయి కదలకుండా అక్కడే ఉన్నదైతే, పూజ వేళ చూసుకోవడానికి గీసిన నాటికి మండపం లేదు, ఎండ తగిలేది. అంటే ద్వారం తిరిగి పేర్చడం, తర్వాత గీత, ఆ తర్వాత మండపం. ఆ రాయి అడ్డంగానో తలకిందులుగానో ఉందేమో మాత్రం చూసుకోండి, అలా ఉంటే అదీ వేరే చోటి నుంచి తెచ్చిందే.

గచ్చుగోడ:

ఛాన్సెల్ వంపు, ఉత్తర ద్వారం గురించి ఎవరూ చెప్పలేదు, రాస్తున్నాను. శిలువ మీద క్రీస్తు తల ఒక పక్కకి వాలినందుకు గుర్తుగా ఛాన్సెల్‌ని వంచారని చాలా కరపత్రాల్లో చదువుతారు. దానికి మధ్యయుగపు ఆధారం లేదు. వంపు ఇటో అటో ఎటైనా ఉంటుంది, చాలా చర్చిల్లో అసలు ఉండదు. పాత చిన్న ఛాన్సెల్ చుట్టూ కొత్త పెద్ద ఛాన్సెల్ కట్టేటప్పుడు మధ్యలో పాత గోడలు అడ్డు, నేవ్ నుంచి తాడు సూటిగా లాగడానికి వీలుండదు. ఆ తప్పే వంపుగా మిగులుతుంది. కాబట్టి మీకు వంపు కూడా తేదీ సాక్ష్యమే: నేవ్, ఛాన్సెల్ వేర్వేరు కాలాలవి.

ఉత్తర ద్వారం "సైతాను ద్వారం", జ్ఞానస్నానమప్పుడు సైతాను బయటికి పోవడానికి అన్న మాట కూడా తర్వాతి కల్పనే. ఊరేగింపులు ఆ ద్వారం గుండా వెళ్లేవి. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కరణోద్యమంతో ఊరేగింపులు ఆగాయి, చలిగాలి లోపలికి రాకుండా ద్వారం మూసేశారు. ఛాన్సెల్ గోడలో కింద కనిపించే చిన్న కిటికీని "కుష్ఠురోగుల కిటికీ" అనడం కూడా అటువంటిదే. పూజలో అప్పాన్ని, అంటే పవిత్రమైన రొట్టెను, పైకెత్తే వేళ బయటి పొలాల వాళ్లకి వినిపించేలా చేతి గంట మోగించడానికన్న వివరణ దానికన్నా నమ్మదగ్గది.

ఛాన్సెల్ ఒక శైలిలో, నేవ్ ఇంకో శైలిలో ఎందుకు ఉంటాయన్నది తెలియాలంటే డబ్బు ఎవరిదో చూడాలి. ధాన్యం మీద దశమభాగం తీసుకునే రెక్టర్, అంటే ఊరి చర్చి ఆదాయానికి హక్కుదారు, ఛాన్సెల్ మరమ్మతు చేయాలి, నేవ్ బాధ్యత ఊరి జనానిది. చాలా ఊళ్లలో ఆ దశమభాగం మఠాల చేతికి పోయింది, మఠం తన తరఫున వికార్ అనే బదులు పాదిరిని పెట్టి ఛాన్సెల్ మీద పిసినారితనం చూపింది. ఉన్ని వ్యాపారంతో ఊరు సంపన్నమైతే నేవ్ ఆకాశమంత లేస్తుంది, ఛాన్సెల్ అలాగే కుదురుగా ఉండిపోతుంది. 1536 నుంచి 1540 మధ్య మఠాలు రద్దయ్యాక ఆ బాధ్యత భూమితోపాటు మామూలు భూస్వాములకు చేరింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో విషయంలో 2003లో, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ, భూమి యజమానులే ఛాన్సెల్ మరమ్మతు ఖర్చు భరించాలని తీర్పిచ్చింది. 2013 అక్టోబరు 13 తర్వాత, భూమి రిజిస్టరులో నమోదు కాని బాధ్యత, ఆ భూమిని కొత్తగా డబ్బిచ్చి కొన్నవారికి తగలదు.

లోపల ఇంకొన్ని చూడండి. దక్షిణ నడవ తూర్పు చివర గోడలో చిన్న గూడు, దాని అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉంటే, పూజాపాత్రలు కడిగే చోటు అది, అక్కడ ఒక బలిపీఠం ఉండేది. ఛాన్సెల్ కమాను పక్క గోడలో ఎక్కడికీ చేరని సన్న మెట్లుంటే, అవి శిలువ మంచెకి, అంటే ఆ కమానుకి అడ్డంగా శిలువ నిలిపిన కొయ్య వేదికకి, ఎక్కే మెట్లు. 1548లో విగ్రహాలు తీసేయమన్నారు, 1561లో ఎలిజబెత్ రాణి ఆజ్ఞతో మంచెలు దించారు, మెట్లు గోడలో మిగిలిపోయాయి. జ్ఞానస్నానపు తొట్టి అంచు మీద రెండు చోట్ల రాయి విరిగి అతికినట్టుంటే అది మూత తాళం కొక్కేలు పీకిన గాయం. పవిత్ర జలాన్ని మంత్రాలకి ఎత్తుకుపోతారని 1236లో కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి ఎడ్మండ్ తొట్లకి తాళం వేయమన్నాడు.

సీసపుకప్పు:

గోపురం తేదీకి రాళ్లకన్నా కాగితాలు మేలు చేయవచ్చు. 15వ శతాబ్దపు వీలునామాల్లో "కొత్త గోపురానికి ఇంత" అని రాసిన దానాలు ఎన్నో ఉన్నాయి, నార్ఫోక్, సఫోక్‌లలో మరీ ఎక్కువ. పది పన్నెండేళ్ల వ్యవధిలో అటువంటివి గుంపుగా కనిపిస్తే పని జరిగిన కాలం అదే. ఒకటే దొరికితే తొందరపడవద్దు. డబ్బు రాసినంత మాత్రాన కట్టినట్టు కాదు.

సఫోక్ తీరాన ఉన్న వాల్బర్స్‌విక్ గోపురం ఒప్పందం 1426 నాటిది మిగిలింది. డనిచ్‌కి చెందిన రిచర్డ్ రసెల్, బ్లైత్‌బరోకి చెందిన ఆడమ్ పౌల్ మేస్త్రీలు. గజం ఎత్తుకి 40 షిల్లింగులు, పని జరిగే ప్రతి ఏడూ ఒక పీపా హెరింగ్ చేపలు. గోడల కట్టుబడి ఫలానా ఊరి గోపురంలా, పడమటి తలుపు హేల్స్‌వర్త్ తలుపంత బాగా ఉండాలని పక్క ఊళ్ల పేర్లతో రాసుకున్నారు. గీసిన నమూనా బదులు కళ్లెదుట నిలిచిన గోపురమే కొలమానం. అందుకే ఒక ప్రాంతపు గోపురాలు అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకదాని తేదీ తెలిస్తే పక్కవాటికి ఆసరా దొరుకుతుంది. మొదటి ఏడాది తప్ప, మార్చి 25 నాటి మేరీమాత పండుగకీ సెప్టెంబరు 29 నాటి సెయింట్ మైకేల్ పండుగకీ మధ్యే పని చేయాలన్న నియమం కూడా ఉంది. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, మంచు తగిలితే పొడైపోతుంది. ఏడాదికి సుమారు 10 అడుగులు లేపి, చలికాలం గోడ మీద గడ్డి కప్పి ఆపేవారు. ఎక్కడ ఆపారో రాయి రంగులో, వరసల ఎత్తులో పడిన చిన్న మార్పు చెబుతుంది.

గోపురం లోపలి గోడల మీద గీతలు ఉన్నాయేమో టార్చి గోడకి ఆనించి, వెలుగు పక్కవాటుగా పడేలా చూడమనండి. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌వెల్‌లో గోపురపు గోడ మీద 1350 నాటి ప్లేగు గురించి లాటిన్‌లో గీసిన మాటలున్నాయి. గోపురం అడుగు భాగం అప్పటికే నిలిచి ఉందని ఆ గీతే సాక్షి.

కప్పు దూలాలుంటే చెట్టు వలయాల పరీక్ష చేయించవచ్చు. నరికిన ఏడు కచ్చితంగా తెలియాలంటే ఓక్ దూలానికి బెరడు అంచు మిగిలి ఉండాలి, కనీసం 50 వలయాలైనా కావాలి. ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్ కొయ్య చర్చిని ఒకప్పుడు 845 ప్రాంతానిదన్నారు. వలయాలు మళ్లీ లెక్కపెట్టాక 11వ శతాబ్దపు రెండో సగానికి, ఆ తర్వాతికి వచ్చింది.

నేలపటం:

ఒక అనుమానం మిగిలింది. ఉత్తర నడవ బయటి గోడ నిండా, రాళ్ల సందుల్లో బూడిద రంగు గట్టి సిమెంటు కూరిన పాయింటింగ్. అతుకులేవీ కనిపించడం లేదు, లోపల అదే గోడ అడుగున గచ్చు పొక్కి ఊడుతోంది. దాన్ని తీసేస్తే అతుకులు బయటపడతాయా?

గచ్చుగోడ:

పడతాయి, కానీ అతుకుల కోసం తీయించకూడదు, గోడ కోసం తీయించాలి. మధ్యయుగపు గోడ లోపలికి వచ్చిన తడి సున్నపు సందుల గుండానే బయటికి పోయి ఆరుతుంది. సందులో సిమెంటు కూరితే తడి రాయిలోంచి పోవాల్సి వస్తుంది. వెంట తెచ్చిన ఉప్పు రాతి పొర కింద గడ్డకడుతుంది, చలికాలం ఆ నీరే మంచవుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ సిమెంటు గీతలు నిలబడి నడుమ రాయి గుంటలు పడుతుంది. మిగిలిన తడి లోపలి వైపుకి తిరిగి మీరు చూసిన పొక్కులు తెస్తుంది.

ముందు మాత్రం కప్పు నీటి గొట్టాలు, బయటి నేల ఎత్తు చూడాలి. వందల ఏళ్ల సమాధులతో చర్చి ఆవరణ నేల పెరిగి లోపలి నేలకన్నా ఎత్తయితే పాయింటింగ్ మార్చినా తడి ఆగదు. అలాగని గోడ వెంట లోతుగా కాలువ తవ్వడం ప్రమాదం. చాలా చర్చిల పునాది రాళ్ల ముక్కలు దట్టించిన నిస్సారమైన గాడి మాత్రమే, పైగా ఆ మట్టిలో ఎముకలూ పాత గోడల మొదళ్లూ ఉంటాయి.

సిమెంటు చేతి ఉలితోనే తీయాలి, కోత మిషను పెడితే సందు పక్క రాయి అంచులు పోతాయి. రాయిని పట్టుకుని దాంతోపాటే ఊడేంత గట్టిగా ఉన్న చోట వదిలేయండి, దానంతటది వదులయ్యేదాకా ఆగడమే మేలు. సందు వెడల్పుకి రెట్టింపు లోతు, కనీసం 25 మిల్లీమీటర్లు తీసి, దుమ్ము ఊది, తడిపి, ఒక పాలు సున్నపు ముద్దకి మూడు పాళ్లు కోసుగా ఉండే ఇసుక కలిపి దట్టించాలి. రాతి ముఖానికి ఒక వెంట్రుక వాసి లోపలికే ఆపండి, రాయి మీదికి పూయవద్దు. కొద్దిగా బిగిశాక గట్టి కుంచెతో తట్టాలి. తడి గోనెపట్టా కప్పి కొన్ని రోజులు ఆరనీయకూడదు, 5 డిగ్రీలకన్నా చలి ఉంటే పని మొదలుపెట్టకూడదు. తర్వాత గోడ ఆరడానికి మందంలో ప్రతి 25 మిల్లీమీటర్లకీ ఒక నెల చొప్పున లెక్క వేసుకోండి. 90 సెంటీమీటర్ల గోడకి మూడేళ్లు. ఈలోగా లోపల కొత్త గచ్చు పూస్తే అదీ ఊడుతుంది.

ఇంగ్లండ్ చర్చి కాబట్టి ఇంకో మాట. ఇంత పనికి మేత్రాసనపు, అంటే బిషప్ పరిధిలోని, న్యాయస్థానం నుంచి ఫ్యాకల్టీ అనే అనుమతి రావాలి. 1955 చట్టంతో మొదలైన నియమం ప్రకారం చర్చిని ప్రతి అయిదేళ్లకీ వాస్తుశిల్పి పరీక్షించి నివేదిక ఇస్తారు. మీరు ముందు ఆ పాత నివేదికలు అడిగి తెప్పించుకోండి. సిమెంటు ఏ ఏడు పూశారో, దాని కింద ఏ అతుకు కనిపించిందో వాటిలో ఒక్కోసారి దొరికిపోతుంది.

చెక్కురాయి:

సిమెంటు తీసిన రోజు, సున్నం పెట్టకముందు, స్కేలు కర్ర ఆనించి ప్రతి మీటరుకీ ఫొటో తీయమనండి. మళ్లీ 80, 100 ఏళ్ల దాకా ఆ సందులు ఎవరికీ కనిపించవు. ఉత్తర నడవ పడమటి చివర నేవ్ పాత మూల రాళ్లు నిలువూ అడ్డమూ వరుసలో బయటపడ్డాయంటే, మీ చర్చి మొదటి తేదీ 12వ శతాబ్దం కూడా కాదు, ఇంకా వెనక్కి పోతుంది. ఆ ఫొటోలు వస్తే ఇక్కడ పెట్టండి.